విశ్రాంతిదినము శనివారమా, ఆదివారమా?

ఈమధ్య కోవిల్‌పట్టిలో మా అన్నగారి యింట ఒక సంబంధము కుదిరే సమయమున ఒక చిక్కు వచ్చినది. అది జాతకముల వల్ల వచ్చినది కాదు, కట్నకానుకల వల్ల వచ్చినదీ కాదు. వారములో ఏ దినము దేవునిది అన్న ప్రశ్న వల్ల వచ్చినది.

మా పెదనాయనగారి శాఖవారు రెండు తరముల క్రిందటనే క్రైస్తవులైనారు. మేము పెరుమాళ్ళను కొలిచే యింటివాళ్ళము. అయినను పెండ్లికీ పేరంటమునకూ కలిసే వుంటాము. ఈ నల్లరేగడి నేలలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకు మతము వేరైనంత మాత్రాన వావివరుసలు పోవు గదా! పెండ్లికూతురు మా అన్నగారి రెండవ అమ్మాయి, విరుదునగర్‌లో నర్సు. వరుడు సాత్తూరు ప్రక్క తెలుగు యింటి పిల్లవాడే, మందుల దుకాణము పెట్టుకొన్నాడు. రూపము, చదువు, నడవడి అన్నీ నచ్చినవి. తీరా తాంబూలములు పుచ్చుకొనే వేళకు తెలిసినది, వారు తండ్రి కాలమున సెవెంత్ డే అడ్వెంటిస్టు సభలో చేరినవారని. వారికి శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము సూర్యాస్తమయము వరకు విశ్రాంతిదినము. మా అన్నగారివారు సి.ఎస్.ఐ. సభవారు, ఆదివారము గుడికి పోయేవారు.

"చిన్నాయనా, నేను ఏ దినము గుడికి పోవలె?" అని పిల్ల అడిగినది. మమ్మల్ని ఎందుకు పిలిచినారంటే, మేము రెండు పక్షముల వారికీ కానివాళ్ళము. పైగా గుమాస్తాపని చేసేవాడు కాగితములు చదివి చెప్పగలడని మనవారికి ఒక నమ్మకము. ఆ నమ్మకమును నిలబెట్టుకొనుటకు మేము నెల దినములు ఈ సంగతి చదివినాము, పెద్దలను అడిగినాము. అందులో తేలినది పాఠకులతో పంచుకొంటున్నాము. క్రైస్తవ కుటుంబములు మన సంఘములోనూ వున్నవి గనుక ఇది పరాయి సంగతి కాదు.

శనివారము అంటే ఏమిటో మనకూ తెలుసు. పురట్టాసి నెల వచ్చిందంటే మన యిండ్లలో శనివారము ఒక్కపొద్దు, తళిగ, నామము. మాంసము తినే యింటనైనా ఆ నెలంతా చట్టి అటక ఎక్కుతుంది. కాని మన శనివారములో విశ్రాంతి లేదు. ఆ దినము ఆడవారికి పని రెట్టింపు. ఈ మాట ఇక్కడ ఊరికే అన్నాము, దీని సంగతి తరువాత వస్తుంది.

బైబిలులో పది ఆజ్ఞలు రెండు చోట్ల వున్నవి. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయములో ఒకసారి, ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములో ఇంకొకసారి. రెండు చోట్లా ఏడవ దినమున పని చేయరాదనే వున్నది. కారణము మాత్రము రెండు విధములుగా చెప్పబడినది. మొదటి చోట, దేవుడు ఆరు దినములలో లోకమును సృజించి ఏడవ దినమున విశ్రమించినాడు గనుక అని. రెండవ చోట, మీరు ఐగుప్తులో బానిసలుగా వుండినారు, అది మరువవద్దు అని. నీవు కూర్చుంటే చాలదు, నీ దాసుడు, నీ దాసి, నీ యెద్దు, నీ యింట వున్న పరదేశి, అందరూ నీవలెనే కూర్చోవలెనని అక్కడి తాత్పర్యము. మాకు ఈ రెండవ కారణము మీదనే మనసు నిలిచినది. జీతమునకు పనిచేసేవాళ్ళము గనుక కాబోలు.

ఆ ఏడవ దినము శనివారమే అనుటలో తగవు లేదు. యూదులు నేటికీ ఆ దినమే పాటిస్తున్నారు. స్పానిషులో శనివారమును సాబదో అంటారు, రష్యనులో సుబోత, అరబ్బీలో సబ్త్. అన్నీ సబ్బాతు అన్న పేరునుండి వచ్చినవే. మన భాషలలో గ్రహముల పేర్లు వచ్చి కూర్చున్నవి గనుక మనకు ఆ జాడ కనపడదు. తగవు అంతా, క్రీస్తు వచ్చిన తరువాత ఆ ఆజ్ఞ అట్లే నిలిచినదా లేదా అన్నచోట వున్నది.

ఆదివారమువారి వాదము ఇది. క్రీస్తు మరణమునుండి లేచినది వారములో మొదటి దినమున. అపొస్తలుల కార్యములలో త్రోయలోని శిష్యులు రొట్టె విరుచుటకు కూడుకొన్నదీ మొదటి దినముననే. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో ఒకడు ఒక దినమును గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని దినములనూ సమానముగా ఎంచుతాడు, ఎవని మనసుకు వాడే నిశ్చయించుకోవలెనని విడిచిపెట్టినాడు. కొలొస్సయివారికి వ్రాసినదానిలో ఈ విషయమున ఎవరూ మీకు తీర్పు తీర్చకుండ చూచుకోండని హెచ్చరించినాడు. శనివారమువారు ఊరకుంటారా? క్రీస్తు స్వయముగా శనివారములలో సమాజమందిరమునకు పోయినాడు, పౌలు కూడ పోయినాడు, పది ఆజ్ఞలలో తొమ్మిదింటిని పెట్టుకొని ఒకదానిని దిద్దుకొనే అధికారము మీకెవరిచ్చినారు అని వారు అడుగుతారు. ఆ ప్రశ్నకు పదును వున్నదని మేము ఒప్పుకొంటాము.

ఆదివారమును రోము చక్రవర్తి కాన్‌స్టంటైను తెచ్చిపెట్టినాడని శనివారమువారు తరచుగా అంటారు. ఇది సగమే నిజము. క్రీ. శ. 321 మార్చి 7వ తేదీన ఆయన ఒక శాసనము చేసినాడు. న్యాయాధిపతులు, పట్టణవాసులు, చేతిపనులవారు పూజ్యమైన సూర్యుని దినమున పని మానవలెనని ఆజ్ఞ. అందులో క్రీస్తు పేరు లేదు. కాని ఆయనకు సుమారు 170 ఏండ్లకు ముందే, జస్టిన్ అనే పండితుడు రోములో క్రైస్తవులు ఆ దినమున కూడుకొనే తీరు వ్రాసిపెట్టినాడు. కనుక కూడుకొనుట పాతది, పని మానుట చక్రవర్తి కలిపినది. ఆ శాసనములో మాకు నచ్చిన మాట ఒకటి వున్నది. సేద్యగాండ్రకు ఆ కట్టుబాటు లేదు, విత్తే అదను తప్పితే మళ్ళీ రాదు గనుక. ఆకాశము వంక చూచి ప్రత్తీ కంబూ విత్తే మన కోవిల్‌పట్టి రైతు ఈ మాట విని తల వూపుతాడు.

తరువాత 364 ప్రాంతమున లవొదికయలో కూడిన పెద్దలు, క్రైస్తవులు శనివారము పని మాని కూర్చోరాదని నిషేధించినారు. నిషేధించినారంటే అప్పటికీ కూర్చుండేవారు వుండినారనే గదా అర్థము! ఇథియోపియా సంఘమైతే రెండింటినీ పట్టుకొన్నది. అక్కడ ఈ తగవు ముదిరి చీలికదాక పోతే, 1450లో జరా యాకోబు అనే రాజు సభ కూర్చి శనివారము, ఆదివారము రెండూ పుణ్యదినములే అని తీర్చినాడు. ఇంగ్లండులో పదిహేడవ శతాబ్దమున కొందరు బాప్తిస్టులు శనివారమునకు తిరిగినారు. వారి శాఖ 1671లో అమెరికాలోని న్యూపోర్టులో సభ కట్టినది. అక్కడినుండి ఆ బోధ అందుకొన్నవారే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టులుగా ఏర్పడినారు.

ఇదంతా దూరదేశపు కథ. మన గుమ్మములోనే ఒక కథ వున్నది. అది మన తెలుగు యిండ్లలో చాలమందికి తెలియదు.

కోవిల్‌పట్టిలో రైలెక్కి తిరునెల్వేలిలో దిగి తిరుచెందూరు బండి పట్టుకొంటే దారిలో నాసరేత్ అనే స్టేషను వస్తుంది. ఆ ప్రక్కనే ప్రకాశపురము, మూక్కుప్పేరి. నూరు డెబ్బది ఏండ్ల క్రిందట ఆ ప్రాంతము ఇంగ్లీషు ఎస్.పి.జి. మిషనువారి చేతిలో వుండేది. అక్కడ అరుమైనాయగము అనే నాడారు యువకుడు ఉపదేశిగా పనిచేసినాడు. 1823లో పుట్టినవాడు. అందరూ సట్టాంపిళ్ళై అని పిలిచేవారు. ఆ మాటకు తమిళములో బడిపిల్లలమీద పెత్తనము చేసే పిల్లవాడని అర్థము. నాసరేతు పాదిరి కెమ్మరరుకూ ఆయనకూ పడలేదు. ఉద్యోగము పోయినది. అంతలో 1849లో కాల్డ్‌వెల్ పాదిరి తిరునెల్వేలి శానారులను గురించి ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకము అచ్చువేసినాడు. ద్రావిడ భాషల వ్యాకరణము వ్రాసి మన తెలుగుకు కూడ గౌరవము తెచ్చిన కాల్డ్‌వెల్ ఆయనే. కాని ఈ పుస్తకములో ఆ కులమువారిని తక్కువ చేసి వ్రాసినాడు. చదువుకొన్న నాడారులకు అది పుండుమీద కారమైనది. సట్టాంపిళ్ళై ఆ పుస్తకముమీద ఏండ్ల తరబడి పోరాడినాడు.

1857లో ఆయన తనవారిని వెంటబెట్టుకొని మిషనునుండి విడిపోయినాడు. వేరే సభ పెట్టినాడు. దానికి ఏక రక్షకర్ సభై అని పేరు, ఇంగ్లీషులో హిందూ క్రైస్తవ సభ అని అర్థము వచ్చే పేరు. క్రీస్తును విడువలేదు, దొరలను విడిచినారు. ఆయన తర్కము ఇది: క్రీస్తు మతము తూర్పుదేశములో పుట్టినది, దొరలు తమ దేశపు ఆచారములను దానికి అతికించి మనకు అమ్ముతున్నారు, ఆ అతుకులు విప్పి గ్రంథములో వున్నదానిని వున్నట్లే పట్టుకొందాము. విప్పి చూస్తే మొదట కనపడినది శనివారము. ఆదివారపు ఆరాధన మానివేసి శనివారమును విశ్రాంతిదినముగా పెట్టుకొన్నారు. యూదుల పండుగలు కొన్ని వచ్చినవి. ధూపము వేసినారు. సాష్టాంగపడి మ్రొక్కినారు. ప్రభురాత్రి భోజనమునకు పులియని ద్రాక్షరసము వాడినారు. సాష్టాంగమూ ధూపమూ మన దేశమునకు కొత్తవా? తమ తాతలు గుడిలో చేసినదే మోషే గ్రంథములోనూ కనపడినది. ఆ విధముగా పరాయి దొరను దాటి గ్రంథమునకు పోతే ఆ దారి తిరిగి తమ యింటికే వచ్చినది.

పాదిరులు నవ్వినారు, కోపించినారు. కులాభిమానము తప్ప ఇందులో మతము లేదన్నవారూ వుండినారు. కులాభిమానము వుండినదనుట నిజమే. అయితే ఎవరో తమను గురించి వ్రాసిన మాట పడలేక లేచిన మనిషి, ఊరికే తిట్టి కూర్చోక, వారము లెక్కనే మార్చి వేసినాడే! అది చిన్న పని కాదు. వారములో దొర కూర్చున్న దినమున తాను పనిచేసి, దొర పనిచేసే దినమున తాను కూర్చుంటే, ఊరంతా చూస్తుంది.

ఇక తమాషా వినండి. ఏబది ఏండ్ల తరువాత, 1908 ప్రాంతమున, జె. ఎస్. జేమ్స్ అనే అడ్వెంటిస్టు దొర ఆ వూళ్ళకే వచ్చినాడు. శనివారము పాటించే క్రైస్తవులు అక్కడ ముందే వున్నారని విని వచ్చినాడు. దొరలను వద్దని శనివారము పట్టినవారి ముంగిటికి అదే శనివారమును పట్టుకొని ఇంకొక దొర వచ్చినాడు! కొందరు ఆయనతో చేరినారు, కొందరు చేరలేదు. సట్టాంపిళ్ళై అప్పటికి ఎనుబదులు దాటి బ్రతికే వున్నాడు, 1918లో పోయినాడు. ప్రకాశపురములో జేమ్స్ పేరిట నేటికీ ఒక పాఠశాల వున్నది. దక్షిణ దేశపు అడ్వెంటిస్టులు 1915లో కోయంబత్తూరులో ఒక చిన్న బడి పెట్టినారు. అదే బెంగుళూరుకు పోయి, 1942లో పూనాకు పోయి, స్పైసర్ కళాశాల అయినది. తెలుగుదేశములో నూజివీటి గిఫర్డ్ ఆసుపత్రి వీరిదే. గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రక్కన కొత్తరెడ్డిపాలెములో ఇంకొక చిత్రము. అక్కడి కొన్ని మాదిగ కుటుంబములు క్రైస్తవమునుండి ఇంకను వెనుకకు నడిచి తాము ఎఫ్రాయీము సంతతివారమని యూదాచారములే పట్టినవి. శుక్రవారము సాయంత్రము దీపము పెట్టి తెలుగులో మాట్లాడుకొంటారు.

చదివినది ఇంతటితో ఆపి ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పవలె. చెప్పకుంటే పై వ్రాతంతా ఒట్టి పాండిత్యము.

2009లో మేము విరుదునగర్‌లో ఒక కమీషను మండీ ఆఫీసులో పనిచేస్తూ వుండినాము. అది ఏదో చెప్పము. మా ప్రక్క బల్లమీద ఒక తోటి గుమాస్తా. మంచి దస్తూరి, కూడికలో తప్పు రాదు. పప్పుల ఆవర్జా ఆయనది. ఆయన శనివారము పాటించేవాడు. మండీలో శనివారము వారపు లెక్క తేల్చే దినము, కూలీలకు బట్వాడా దినము. ఆయన ఆదివారము వచ్చి రెండు దినముల పని ముగించి పోతానని చేరినప్పుడే చెప్పుకొన్నాడు. కొన్నాళ్ళు అట్లే సాగినది. తరువాత పై అధికారి మారినాడు. ఆదివారము తాళము తీయుటకు ఎవరు వస్తారు, శనివారము వస్తావా పోతావా అన్నాడు. ఆయన పోయినాడు. ఇద్దరు పిల్లలు, అద్దె యిల్లు. మమ్మల్ని పిలిచి, శనివారము ఇతడు లేకుంటే పనికి ఆటంకము కలుగుతున్నదా అని అడిగినారు. కలుగుట లేదని చెప్పవలసినది. మేము నేల చూచినాము. పప్పుల ఆవర్జా మాకు వచ్చినది, జీతములో కొంత హెచ్చు కూడ వచ్చినది. ఆ నెల జీతముతో మా యింట్లో ఒక మిక్సీ కొన్నాము.

అమెరికాలో దక్షిణ కరొలైనాలో అడెల్ షెర్బర్ట్ అనే ఒక నూలుమిల్లు పనిమనిషి కథ ఈ నెలలో చదివినాము. అడ్వెంటిస్టు. శనివారము రానన్నందుకు మిల్లువారు తీసివేసినారు. పనిలేనివారికి సర్కారు ఇచ్చే భత్యము కూడ నిరాకరించినారు. 1963 జూన్ 17న అక్కడి సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పు ఇచ్చినది. మొన్న 2023లో గ్రాఫ్ అనే తపాలా బంట్రోతు ఆదివారము బట్వాడా చేయనన్న వ్యాజ్యములోనూ అదే కోర్టు ఆయన మాటకు బలము చేకూర్చినది. ఒకరిది శనివారము, ఒకరిది ఆదివారము. మిల్లుల వూరిలో పుట్టిన మాకు షెర్బర్టమ్మ కథ చదివితే చెవులు వేడెక్కినవి. ఆమె మిల్లులోనూ ప్రక్క మగ్గము దగ్గర మావంటివారు ఎవరో నేల చూచి వుంటారు.

మన దేశములో ఆదివారపు సెలవు గుడివల్ల కూలివానికి వచ్చినది కాదు. బొంబాయి మిల్లు కూలీలకు వారములో ఏడు దినములూ పని వుండేది. నారాయణ మేఘాజీ లోఖండే అనే ఆయన ఏండ్ల తరబడి అర్జీలు పెట్టి, సభలు కూర్చి, అడిగినాడు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారము సెలవు ఒప్పుకొన్నారు. మరాఠీ కూలీలకు ఆదివారము ఖండోబా దేవుని దినము కూడ. క్రైస్తవ దొర ఆదివారము, ఖండోబా ఆదివారము ఒకటే అయినందున పని సులువైనది. ఏ దినమైతేనేమి, ఒక దినము దక్కినది. ఇది చదివిన తరువాత మాకు ద్వితీయోపదేశకాండపు కారణమే మరీ దగ్గరగా తోచినది.

కాబట్టి క్రైస్తవులు శనివారము పాటించవలెనా అంటే మా అభిప్రాయము ఇది. ఆజ్ఞను అక్షరాలా చదివితే శనివారమువారి పక్షము బలమైనది. ఆది సంఘపు వాడుక, పౌలు మాట చూస్తే ఆదివారమువారిది తప్పనుటకు వీలులేదు. అయితే రెండు పక్షములవారిలోనూ మేము చూచిన ఒక లోపము వున్నది. అది మేము కనిపెట్టినది కాదు, మా వదిన కనిపెట్టినది.

తాంబూలముల మాటకు రెండు యిండ్లవారూ కూర్చున్నప్పుడు మేము ఈ చరిత్రంతా చెప్పినాము. కాన్‌స్టంటైను దగ్గరకు వచ్చేసరికి మా అన్నగారు కునుకు తీసినారు. వదిన మాత్రము వియ్యపురాలిని అడిగినది.

"అమ్మా, శుక్రవారము పొద్దుగూకితే పొయ్యి వెలిగించరా?"

"వెలిగించము. శుక్రవారము పగలే అన్నీ వండిపెట్టుకొంటాము. పులిహోర, పెరుగన్నము, ఒక వేపుడు."

"గిన్నెలు?"

"శనివారము చీకటిపడిన తరువాతనే."

వదిన మా వైపు తిరిగినది. "ఏమయ్యా మరిదీ, ఇన్ని పుస్తకాలు చదివితివే, ఇది చెప్పితివా? నేను ముప్ఫై ఏండ్లుగా ఆదివారము గుడికి పోతున్నాను. అయ్యవారి ప్రసంగము సగములో వుండగానే నా మనసు మసాలా దగ్గర వుంటుంది. ఆదివారము మాంసము లేకుంటే మీ అన్న ముద్ద ముట్టడు. చుట్టాలంతా ఆ దినమే వస్తారు. నాకు విశ్రాంతిదినము ఏది?"

వియ్యపురాలు నవ్వి, "మాకూ శుక్రవారము నడుము విరుగుతుంది వదినగారూ. రెండు దినముల వంట ఒక పగటిలో. కార్తికములో ఆరు గంటల లోపే పొద్దుగూకుతుంది, ఆషాఢములో ఆరూనలభై దాకా టైము వుంటుంది. నేను పొద్దు చూచి ఉల్లిపాయలు కోసేదాన్ని" అన్నది.

ఆ తరువాత ఆజ్ఞల మాట ఎవరూ ఎత్తలేదు. వరుని తండ్రి, శనివారము అమ్మాయి మాతో గుడికి రావలె, ఆదివారము తల్లితో పోతే మేము అడ్డము రాము అన్నారు. శనివారము ఆసుపత్రిలో డ్యూటీ పడితే అని అమ్మాయి అడిగినది. రోగిని చూచుట ఆ దినమునకు తగిన పనే, క్రీస్తు చేసినదీ అదే, ఆ దినపు జీతము మాత్రము ధర్మమునకు ఇచ్చివేయమన్నారు. అమ్మాయి ఆలోచించి చెప్తానన్నది. పెండ్లి ఒక గురువారమునాడు జరిగినది, ఎవరి దినమూ కాకుండ.

పోయిన నెల ఒక సోమవారము ఉదయము విరుదునగర్ స్టేషనులో దిగినాము. ప్లాట్‌ఫారముమీద అమ్మాయి కనపడినది, రాత్రి డ్యూటీ దిగి వస్తున్నది. ఏమమ్మా, ఏ దినము పోతున్నావు అని అడిగినాము.

"రెండు దినములూ పోతున్నాను. తక్కిన అయిదు దినములూ ఆసుపత్రి. ఇక నేను నిద్రపోయేది ఏ దినము చిన్నాయనా?" అన్నది.

సాత్తూరు వైపు బండి వచ్చినది. కిటికీ ప్రక్కన చోటు దొరికినది. బండి కదలకముందే తల వాల్చి కన్ను మూసినది.